ఏ బ్రాంచి సార్ మీది?

పోయిన నెల ప్రమోషన్ ఇంటర్వ్యూలో కమిటీలో ఒకాయన అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఎంసెట్ కౌన్సెలింగ్ అప్పుడు మా బాబాయి కూడా ఇదే అడిగాడు, అప్పుడైతే మెకానికల్ అని టక్కున చెప్పేవాణ్ణి. తర్వాత సీడ్ (డిజైన్ పీజీ ఎంట్రన్స్) రాసి ఎం.డిజైన్‌లో పడ్డా, పీహెచ్‌డీ చేనేతవాళ్ళు పనిచేసే తీరు మీద, ఇక అక్కణ్ణుంచి నాకు బ్రాంచి లేదు. మెకానికల్ వాళ్ళు నా పేపర్లు చూసి లెక్కలేవి అంటారు, సోషల్ సైన్స్ వాళ్ళు థియరీ ఏది అంటారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే నేనే.

నేను డిజైన్ చెప్పే క్లాసులో మాత్రం ఈ గొడవ లేదు. మొదటి వారం పిల్లలకి చెంబు గురించి చెప్తా. 1958లో అమెరికా నుంచి వచ్చిన డిజైనర్లు ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికి రాసిచ్చిన రిపోర్టులో మామూలు చెంబుని పట్టుకుని ఎన్ని నీళ్ళు పట్టాలి, వంచితే బ్యాలెన్స్ ఎలా, ఖరీదెంత, ఎండ పడితే ఎలా మెరుస్తుంది అని వరసగా అడుగుతూ పోతారు (ఆ రిపోర్టు తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వచ్చింది). ఏ ప్రశ్న ఏ డిపార్ట్‌మెంటుదో విడదీయండి అంటే పిల్లలు గంటసేపు కొట్టుకుంటారు.

తర్వాత పోచంపల్లి వైపు తీసుకెళ్తా. బస్సు దిగకముందే యాప్ చేద్దాం సార్ అనేవాడు ఏటా ఒకడుంటాడు. ఈసారి ఒకరింట్లో అటక మీంచి పాత ఆసు (నేతకి ముందు దారం చుట్టే మేకుల చట్రం) దింపించి వాడితోనే ఆసు పోయించా. నడిమి మేకు నుంచి అర్ధచంద్రంలో ఉన్న మేకుల దాకా దారం తీసుకెళ్ళి తేవడం, అంతే పని, కానీ ఒక చీరకి దాదాపు 9 వేలసార్లు చెయ్యి అలా ఆడాలి. పావుగంటకే మావాడు భుజం పట్టుకున్నాడు. ఇంకో అమ్మాయి చెయ్యి ఎంత సాగుతుందో టేపుతో కొలుస్తుంటే ఆ ఇంటి పెద్దామె "ఇప్పుడు కొలిస్తె ఏమొస్తది బిడ్డా, రాత్రి పండుకున్నంక నొస్తది, అప్పుడొచ్చి కొలువు" అంది. పని మనిషి ఒంటికి ఎలా సరిపోవాలో చెప్పే మా ఎర్గానమిక్స్ సిలబస్‌లో రాత్రి లేదు.

చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ లక్ష్మి ఈ నొప్పి పడటం చూసే ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి 1999 నాటికి ఆసు యంత్రం చేశారు. ఆరో క్లాసుతో బడి మానేసినాయన. మోటారు, దారం బిగుతు, అమ్మ భుజం, అన్నీ ఆయనొక్కడే చూసుకోవాల్సొచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చేటప్పుడు బ్రాంచి అడిగుండరు లెండి.

వచ్చేస్తుంటే పెద్దామె ఇంకోటి అంది, పోయినేడు ఎవరో వచ్చి ఫొటోలు తీసుకొని పోయిర్రు, మళ్ల రాలె అని. అందుకే రెండో ట్రిప్పు సెమిస్టర్ ప్లాన్‌లోనే పెట్టేశా. బస్సు ఖర్చు ఏ హెడ్ కింద రాయాలో తేలక ఫైలు ఆఫీసులో ఆగింది, ఫారంలో డిసిప్లిన్ (అదే, బ్రాంచి) అని ఒక గడి, ఖాళీగా వదిలితే తీసుకోరట. మెకానికల్ అని రాసిచ్చేశా.