అవ్వ ముందు జోకు పేలాలంటే

అమెరికాలో స్టాండప్ కామెడీ వీడియోలు చూసి పెరిగిన మీ పిల్లలు సెలవులకు తిరుపతి వస్తే మొదటి జోకు కుబేరుడి అప్పు మీదే. "ఇంకా వడ్డీనే కడతా ఉండాడంటే స్వామికి లెక్కలు రావా అవ్వా?" "తప్పు, కళ్లు పోతాయి" అని నోరు మూయించకండి. ఎగతాళి ఆగదు, మీ చెవిన పడటం మాత్రం ఆగుతుంది.

దానికి బదులు తిరుమల మహాద్వారం దగ్గర వేలాడే గునపం చూపించండి. పూలతోట కోసం చెరువు తవ్వుతున్న భక్తుడు అనంతాళ్వారు, వద్దన్నా మట్టి మోయడానికొచ్చిన కుర్రాడి మీదికి విసిరిన గునపమది. ఆ కుర్రాడు మారువేషంలో వచ్చిన స్వామే, దెబ్బ తగిలింది ఆయన గడ్డానికి. అక్కడ ఇప్పటికీ పచ్చకర్పూరం పెడతారు. దేవుణ్ణి కొట్టిన ఆయుధాన్ని గుడి వాకిట్లోనే దాచుకున్న ఊరికి వీడి జోకు ఏపాటిది?

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఇంకా ఘాటు. బైరాగి, బండ, తోటి, దొర వేషాలు, మొక్కు కింద తిట్టే బూతులు. అదే మాట జాతర అయ్యాక వీధిలో అంటే తన్నులే. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అనాలన్నది పిల్లలకు ఇంతకంటే బాగా చెప్పేదేదీ లేదు. జాతర మే నెలలో వస్తుంది, అమెరికా బడులకు చాలాచోట్ల అప్పటికి సెలవులుండవు, వీడియోలే దిక్కు.

ఇక జోకు కట్టడం. ఇంగ్లిషులో రాసి తెలుగులోకి మారిస్తే చప్పబడుతుంది, ఎందుకంటే నవ్వించే మాట మధ్యలో ఇరుక్కుని చివర క్రియ మిగులుతుంది. "మా నాన్న ఓటీపీ కోసం తాతకు వారానికోసారి ఫోన్ చేస్తాడు" అంటే వార్త. "మా నాన్న తాతకు ఫోన్ చేసేది వారానికోసారి, అదీ ఓటీపీ కోసం" అంటే జోకు. దెబ్బ తండ్రి మీద పడింది కాబట్టి తాతే ముందు నవ్వుతాడు. పిల్లవాడి మొదటి రెండు జోకులూ తన మీదో, మీ మీదో ఉండాలి. కులం, ఒంటి రంగు, చుట్టాల అప్పులు వద్దు. గుండు మీద వేయాలంటే ముందు కల్యాణకట్టకు వెళ్లి రావాలి.

ఇంట్లో అన్నది రీల్ చేయనివ్వకండి. 2021లో ఇండోర్‌లో ఒక కమెడియన్ మత భావాలను గాయపరిచాడన్న ఫిర్యాదు మీద నెలకు పైగా జైల్లో ఉన్నాడు. మత భావాలను కావాలని గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 299వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

మూడు నిమిషాలు చాలు, అదీ భోజనానికి ముందే. అవ్వ ఎదురు పంచ్ వేస్తుంది. మీరు మధ్యలో దూరి ఇంగ్లిషులో విడమరచకండి. అర్థం కాకపోతే వాడే అడుగుతాడు.