మమ్మల్ని పాత పత్రికల కింద వేశావేమిటమ్మా

పదకొండు దాటింది. అత్తయ్య గదిలో కూడా దీపం ఆరిపోయింది. నేను మాత్రం మా ఊరి గ్రంథాలయం వెబ్‌సైటు ముందు కూర్చుని, మెనూలో ఒక డబ్బాను ఎడమకు జరిపి మళ్లీ కుడికి జరుపుతున్నాను. ఈ పని ఇక ముట్టుకోనని పోయిన నెలలో ఒట్టు పెట్టుకున్న మాట నిజమే.

వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లో మెనూ అమర్చడం చూడటానికి పేకముక్కలు సర్దినట్టే ఉంటుంది. ఎడమవైపు పేజీలకు టిక్కు పెడితే కుడివైపు వచ్చి వరుసగా కూర్చుంటాయి. పట్టుకుని పైకీ కిందికీ లాగవచ్చు. కాస్త కుడికి లాగితే పైనున్నదాని కింద ఉపమెనూగా చేరుతుంది. ఆ 'కాస్త' దగ్గరే కొంప మునిగింది. నిన్న చెయ్యి జారి 'కార్యవర్గం' వెళ్లి 'పాత పత్రికలు' కింద చేరింది. నేను చూసుకునేలోపే గ్రంథాలయం కార్యదర్శి మాస్టారి ఫోను: "అమ్మాయ్, మమ్మల్ని పాత పత్రికల కింద వేశావేమిటమ్మా!"

క్షమాపణ చెప్పి సరిచేశాను. అక్కడితో ఆగితే ఆయన కార్యదర్శి ఎలా అవుతారు? ఇవాళ మధ్యాహ్నం కొత్త జాబితా పంపారు. మొదట 'అధ్యక్షుల సందేశం', తర్వాత 'కార్యవర్గం', 'దాతలు', 'సన్మానాలు', 'ఫొటోలు'... మొత్తం పద్నాలుగు. గ్రంథాలయం ఎన్ని గంటలకు తీస్తారన్నది పదకొండోది! ఫోనులో అయితే ఇవన్నీ మూడు గీతల గుర్తు వెనక దాక్కుంటాయి. ఆ గీతలు 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీసిన బొమ్మ. నలభై ఏళ్లు దాటినా వాటిని నొక్కాలని మాస్టారికి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. "మెనూ ఎక్కడా కనబడటం లేదమ్మా" అని మూడుసార్లు అడిగారు.

"పాఠకుడి సమయం ఆదా చేయాలని గ్రంథాలయ శాస్త్రం రంగనాథన్‌గారు 1931లోనే సూత్రం రాశారు మాస్టారూ" అన్నాను.

"మన పాఠకులకు లేనిది డబ్బమ్మా, సమయం కాదు" అన్నారు.

దాతల పేర్లు పైన ఉండటానికి వీల్లేదని గంటసేపు వాదించాను. గెలిచాను కూడా. అన్నం తినేటప్పుడు మాత్రం గ్రంథాలయంలోని ఆ బీరువాలు గుర్తొచ్చాయి.

చిన్నప్పుడు అక్కడ ప్రతి పుస్తకం వెన్ను మీదా ఒక చీటీ, దాని మీద ఊదా సిరాతో 894.827. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విభజించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి ఇచ్చిన అంకె అది. కవిత్వమైతే చివర 1, నవలైతే 3. ప్రపంచమంతటి గ్రంథాలయంలో అది మన చిరునామా కావచ్చు గానీ, తెలుగు ఊళ్లో ముప్పాతిక పుస్తకాలకు అదే చీటీ ఉంటే వెతుక్కునేదెలా? లైబ్రేరియన్‌గారు ఆ అంకెల జోలికే పోయేవారు కాదు. నవల పేరు చెబితే తల ఎత్తకుండానే "మునసబుగారి బీరువా, రెండో అర" అనేవారు. బీరువా ఇచ్చినవారి పేరు తలుపు మీద తెల్లరంగుతో రాసి ఉండేది. రైసుమిల్లు బీరువా అంటే డిటెక్టివ్ నవలలు. తలుపు తీస్తే వీధి చివరిదాకా కీచుమనేది, అందుకే ఇంట్లో తెలియకుండా ఒక్కటి కూడా తెచ్చుకోలేకపోయాను. పంతులమ్మగారి బీరువా నిండా పిల్లల పుస్తకాలు, కలరా ఉండల వాసన.

అంటే మా గ్రంథాలయానికి దాతల పేర్లే మెనూ! మధ్యాహ్నం ఆ పెద్దాయనతో అంత గట్టిగా మాట్లాడకుండా ఉండాల్సింది.

'పుస్తకాలు' కింద మూడు బీరువాలనూ ఉపమెనూగా పెట్టాను. వేళలు మొదటికి వచ్చాయి. చిన్నత్త హైదరాబాదు నుంచి తన ఫోనులో ఒక్క నొక్కుకే తెరిచింది, సంతోషం. అధ్యక్షుల సందేశాన్ని మాత్రం పైకి జరపను. ఆయన ఏ బీరువా ఇవ్వలేదు.

పంతులమ్మగారి బీరువా ఇప్పుడు ఏ గదిలో ఉందో తెలియక, పొద్దున చూసుకుంటారులే అని మాస్టారికి సందేశం పెట్టాను. నిమిషంలో జవాబు వచ్చింది.

"చెబుతాను. అధ్యక్షులవారిని పైకి జరిపావా?"