డీఎస్సీకి వీడియో క్లాసులు ఎంతవరకు పనికొస్తాయి? తిరుపతి నుంచి నా అనుభవం

చిత్తూరు, పలమనేరు వైపు నుంచి తిరుపతికి వచ్చి, బాలాజీ కాలనీలోనో బైరాగిపట్టెడలోనో రూమ్ తీసుకుని ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీకి చదివేవాళ్ళలో కోచింగ్ ఫీజు కట్టలేక యూట్యూబ్‌నే నమ్ముకున్నవాళ్ళు చాలామంది. ఎస్జీటీకి, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టుకి, నేనూ అంతే. వీడియోలతో చదవొచ్చా అని జూనియర్లు అడుగుతూనే ఉంటారు. చదవొచ్చు, కాకపోతే మధ్యలో ఆపి రాసుకోకపోతే దండగ.

సార్ చకచకా చెప్పుకుపోతుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పే పియాజే దశలు నాలుగూ వరుసగా చెప్పమంటే అప్పుడు తడబడతాం. అందుకే టాపిక్ అవగానే పాజ్ కొట్టి, స్క్రీన్ చూడకుండా తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాసి, రానిదాని కోసమే వెనక్కి వెళ్ళేదాన్ని. విసుగే, అరగంట క్లాసు గంట పడుతుంది. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే సైకాలజిస్టులు 2006లో ఇలాంటిదే పరీక్షించి చూశారు: పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన టెస్టులో ముందున్నారు, వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళదే పైచేయి. మన ఎగ్జామ్ ఐదు నిమిషాల్లో ఉండదు కదా!

‘ఒకే వీడియోలో సైకాలజీ మొత్తం’ లాంటి మారథాన్‌ల జోలికి నేను వెళ్ళలేదు. 2014లో ఫిలిప్ గువో అనే పరిశోధకుడి బృందం ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల వీడియోలను లెక్కతీస్తే, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు చూసిన సమయం మధ్యస్థంగా ఆరు నిమిషాలు దాటలేదట. చిన్న వీడియోలే ఏరుకోండి.

గుండెలో రక్తప్రసరణ, గ్రహణాలు, భిన్నాలు, వీటికి యానిమేషన్‌ని మించింది లేదు. స్లైడ్ నిండా మ్యాటర్ పెట్టి దాన్నే చదివి వినిపించే క్లాసులు మాత్రం వద్దు. బొమ్మకి మాట తోడైతే చాలని, అదే మాటని మళ్ళీ అక్షరాల్లో చూపిస్తే నేర్చుకోవడం తగ్గుతుందని సైకాలజిస్టు రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చెప్తున్నాయి. అలాంటి క్లాసు పీడీఎఫ్ దొరికితే దించుకుని చదివేయండి, సగం టైమ్ మిగులుతుంది. లెక్కలు ముందు మీరే చేసి, తట్టకపోతేనే వీడియో పెట్టండి.

ఇంకో బిట్. అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ 1946లో ఇచ్చిన అనుభవాల శంఖువులో (నేర్చుకునే అనుభవాలను మెట్లుగా పేర్చిన బొమ్మ) చలనచిత్రాలు నడిమధ్యలో ఉంటాయి, వాటి కింద ప్రదర్శనలు, క్షేత్రపర్యటనలు. అలిపిరి రోడ్డులో సైన్స్ సెంటర్‌కి వెళ్ళి ఎగ్జిబిట్స్ చూస్తే అది వీడియో కంటే కింది మెట్టు అన్నమాట, అంటే ప్రత్యక్ష అనుభవానికి ఇంకాస్త దగ్గర. ‘చదివింది 10 శాతం, విన్నది 20 శాతం గుర్తుంటుంది’ అని శంఖువు పక్కన అంకెలు వేసి చూపిస్తారే, అవి డేల్ ఇచ్చినవి కావు, తర్వాత ఎవరో తగిలించినవి. పైన శాబ్దిక సంకేతాలు (అంటే ఉత్త మాటలు), అడుగున ప్రత్యక్ష అనుభవాలు, ఈ క్రమం మాత్రం గీసి పెట్టుకోండి. ప్రశ్నకి అరమార్కే అయినా మెరిట్ లిస్టులో ఆ అరమార్కు దగ్గరే బోలెడుమంది ఉంటారు.