టాండెమ్ సోలార్ సెల్‌కు బ్యాండ్‌గ్యాప్ ఎంపిక: నాకు పనికొచ్చిన పద్ధతి

గేట్, సీఎస్‌ఐఆర్ నెట్ ఫిజిక్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు, ముఖ్యంగా విశాఖలో గది అద్దెకు తీసుకుని ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పొద్దుటి నుంచి చదువుకుంటున్నవారికి, సెమీకండక్టర్ పరికరాల భాగంలో నాకు బాగా ఉపయోగపడిన ఒక పద్ధతిని చెప్పాలనుకుంటున్నాను. బ్యాండ్‌గ్యాప్ (పదార్థం కాంతిని శోషించడానికి ఫోటాన్‌కు ఉండాల్సిన కనీస శక్తి) విలువల పట్టికను బట్టీ పట్టడం కన్నా, ఒక్క సెల్‌లో కరెంటు లెక్కను చివరిదాకా నడిపించడం వల్ల ఎక్కువ ఫలితం ఉంటుందని నా గట్టి నమ్మకం.

సోలార్ సెల్ సామర్థ్యానికి 1961లో షాక్లీ, క్వైసర్ అనే శాస్త్రవేత్తలు చూపిన పరిమితితో మొదలుపెట్టండి. గ్యాప్ చిన్నదైతే ఎక్కువ ఫోటాన్లు శోషణ చెందుతాయి కానీ వాటి అదనపు శక్తి వేడిగా పోతుంది. పెద్దదైతే తక్కువ శక్తి ఫోటాన్లు శోషణ కాకుండా దాటిపోతాయి. అందుకే ఒకే జంక్షన్‌కు 1.34 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సుమారు 33.7 శాతమే గరిష్ఠ సామర్థ్యం.

ఇక అసలు లెక్క. ఈ పరిమితిని దాటడానికి వేర్వేరు గ్యాప్‌లున్న రెండు సెల్‌లను ఒకదానిపై ఒకటి పెడితే అదే టాండెమ్. కింది సెల్ సిలికాన్ అనుకుందాం, దాని గ్యాప్ 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్ వోల్టులను తరంగదైర్ఘ్యంగా మార్చే 1240ని 1.12తో భాగిస్తే సుమారు 1107 నానోమీటర్లు. అంతవరకు ఉన్న ఫోటాన్లన్నీ పనికొస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు 44 మిల్లీఆంపియర్లు వస్తాయి. రెండు సెల్‌లు శ్రేణిలో ఉన్నప్పుడు తక్కువ కరెంటు ఇచ్చేదే మొత్తం కరెంటును నిర్ణయిస్తుంది కాబట్టి, ఒక్కోదానికి 22 చొప్పున పంచాలి. పైసెల్‌కు ఆ వాటా సుమారు 1.7 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్‌తో, అంటే 730 నానోమీటర్ల వరకు శోషిస్తే వస్తుంది. ఇప్పుడు పైన 1.55 పెట్టి చూడండి: పైసెల్ 27 తీసుకుంటుంది, సిలికాన్‌కు 17 మాత్రమే మిగులుతుంది, మొత్తం సెల్ ఆ 17 దగ్గరే ఆగిపోతుంది. పైపొరను పలుచన చేసి కొంత కాంతిని కిందికి వదలవచ్చు కానీ, 1.7తో వచ్చే వోల్టేజీ మాత్రం రాదు. ఈ రెండు సందర్భాలను గ్రాఫ్ కాగితం మీద సౌర వర్ణపటం గీసి, 730, 800 దగ్గర రెండు నిలువు గీతలు పెట్టి స్వయంగా చూసుకోండి.

ఆ 1.7 గ్యాప్ కోసమే పైసెల్‌గా వాడే పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంలో అయోడిన్‌కు బదులు కొంత బ్రోమిన్ కలుపుతారు. అయితే బ్రోమిన్ మరీ ఎక్కువైతే కాంతి పడినప్పుడు హాలైడ్‌లు (అయోడిన్, బ్రోమిన్ అయాన్లు) విడిపోయి తక్కువ గ్యాప్ ప్రాంతాలు ఏర్పడతాయి, వోల్టేజీ పడిపోతుంది. అంటే లెక్కలో సరైన గ్యాప్ పదార్థంలో నిలకడగా ఉండాలి కూడా. ఇంత జాగ్రత్త పడినందుకే 2024లో చైనాకు చెందిన లాంగీ సంస్థ పెరోవ్‌స్కైట్, సిలికాన్ టాండెమ్‌తో 34.6 శాతం సామర్థ్యం సాధించగలిగింది.

ప్రశ్న చదవగానే టెర్మినళ్లు రెండా, నాలుగా అని ముందు చూడండి. రెండైతే సెల్‌లు పై లెక్కలోలాగా శ్రేణిలో ఉంటాయి. నాలుగైతే ఒక్కో సెల్‌కు విడిగా తీగలు ఉంటాయి కాబట్టి రెండు సెల్‌ల కరెంట్లు సమానం కావలసిన పని లేదు, పైగ్యాప్‌కు అనువైన విస్తృతి బాగా పెరుగుతుంది. తర్వాత అభ్యాసంగా, కింద 1.42 గాలియం ఆర్సెనైడ్ పెట్టి పైసెల్‌కు ఎంత గ్యాప్ కావాలో ఇదే పద్ధతిలో తీయండి, సమాధానం 1.9కి దగ్గరగా రావాలి.