అమ్మాయి ఆఫీసుకొచ్చింది
మొన్న మా అమ్మాయిని ఒకరోజు ఆఫీసుకి తీసుకెళ్లాను. అమెరికాలో 1993లో ఆడపిల్లల కోసం ఇలాంటి రోజొకటి మొదలుపెట్టారు, 2003 నుంచి మగపిల్లల్నీ కలిపారు. మా దగ్గర అలాంటిదేం లేదు, మేనేజర్‌ని అడిగితే సరేనన్నారు, అంతే. నేనేమో పెద్ద మీటింగ్ రూము, ప్రొజెక్టరు చూపించి గొప్పలు పోదామనుకున్నా. అది మాత్రం అకౌంట్స్‌లో ఒక ఆవిడ పక్కన కూర్చుండిపోయింది, లెక్కలో 27 తేడా వచ్చిందని ఆవిడ కాగితం మీద స్కేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతుంటే గంటసేపు కదల్లేదు. తేడా తొమ్మిదితో తెగితే అంకెలు అటూ ఇటూ అయి ఉండొచ్చట (ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు!). చివరికి దొరికింది, 69కి బదులు 96 కొట్టారు. ఇద్దరూ ఒకటే చప్పట్లు.

ఇంటికొస్తుంటే, "నాన్నా, నువ్వు రోజంతా మెయిల్సే చూస్తావా?" అంది. ఏదో ఫోనొచ్చినట్టు నటించాను.