క్యాజువాలిటీ రిజిస్టర్‌లో పడే ఆ ఒక్క లైను

కాలవగట్టు రోడ్డు మీద ట్రాక్టరు గుద్దింది. మనిషిని 108లో అమలాపురం తీసుకెళ్లారు. "ఎలా జరిగింది?" అని క్యాజువాలిటీలో అడుగుతారు. వెంట వచ్చిన బావమరిది కంగారులో "బండి మీంచి పడిపోయాడండి" అంటాడు. రిజిస్టర్‌లో అదే పడుతుంది. ట్రాక్టరు సంగతి నాలుగో రోజున స్టేషన్లో చెబుతారు. కొన్నేళ్లకు ట్రిబ్యునల్లో (ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టులో) ఇన్సూరెన్స్ కంపెనీ ప్లీడరు ఆ కేస్ షీటు తెప్పించి ఆ ఒక్క లైనూ చదువుతాడు: తనంతట తానే పడ్డాడు, తర్వాత ఆలోచించుకుని మా బండిని ఇరికించారు. నిజమైన కేసులు కూడా ఇక్కడ పోతాయి.

కాబట్టి ఆసుపత్రి గుమ్మంలోనే చెప్పాల్సింది చెప్పాలి: ఏ ఊరి దగ్గర, ఎన్ని గంటలకు, ఏ రకం బండి, ఎటునుంచి వచ్చి గుద్దింది. నంబరు తెలిస్తే నంబరు, లేకపోతే "నంబరు తెలియని ట్రాక్టరు" అని. తెలియని నంబరు ఊహించి చెప్పొద్దు. అప్పటికే తప్పు రాసేసి ఉంటే పోలీసు ఫిర్యాదులో ఆ మాట దాచకండి. ఎవరు చెప్పారో, ఏ కంగారులో చెప్పారో, ఫిర్యాదు ఎందుకు ఆలస్యమైందో రాయండి. మనిషి ఐసీయూలో ఉన్నాడు కాబట్టి ఆలస్యమైందన్న వివరణ కోర్టులు మామూలుగా ఒప్పుకుంటాయి. వివరణే లేకపోతేనే అనుమానం.

రాజోలు దగ్గర దెబ్బ తగిలి కాకినాడలో వైద్యం జరుగుతుంటే "మా స్టేషన్ పరిధి కాదు" అనే జవాబు చెల్లదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే విధానం చెప్పే చట్టం) సెక్షన్ 173 ప్రకారం ఎక్కడైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, కాపీ ఉచితం. ఇక డబ్బు సంగతి: 2025 మేలో నోటిఫై అయిన కేంద్ర పథకం కింద గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా నగదు కట్టకుండా వైద్యం ఉంది. అడ్మిషన్ కౌంటర్లో అడగండి.

నష్టపరిహారం పిటిషన్‌ను మన వైపు ఎంవీఓపీ అంటారు. దాన్ని ప్రమాదం జరిగిన చోటే వేయనక్కర్లేదు, మీరు ఉండే ఊరి మీద అధికారం ఉన్న ట్రిబ్యునల్లో కూడా వేయొచ్చు. గడువు 6 నెలలు. ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పాత రోజుల్లో గడువే లేదు కాబట్టి "ఛార్జిషీటు రానీ, అప్పుడు చూద్దాం" అనే అలవాటు ఇంకా పోలేదు. ఛార్జిషీటు రాకముందే పిటిషన్ వేయొచ్చు. పెద్దమనుషుల మాటల్లో నెలలు గడిచిపోవడమే నేను ఎక్కువగా భయపడేది. ఆసుపత్రి బిల్లు కడతామని వాయిదాలు చెబుతూ ఆరో నెల దాటించేస్తారు.

పరిహారం లెక్క ఎలా కడతారో కూడా తెలియాలి. కొబ్బరి దింపు కార్మికుడే ఉదాహరణ. వయసు 38, నెలకు 15,000 సంపాదన. తొడ ఎముక విరిగి కాలు పొట్టి అయింది, మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం రాసింది. ఏడాదికి 1,80,000. 40 ఏళ్ల లోపు, సొంతంగా పనిచేసుకునేవాడు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 2,52,000. ఏడాది లెక్కను వయసును బట్టి ఒక సంఖ్యతో హెచ్చిస్తారు, దాన్నే గుణకం అంటారు. ఆ వయసుకి గుణకం 15. మొత్తం 37,80,000. ఇందులో 30 శాతమే తీసుకుంటే 11,34,000. కానీ అతను ఇక చెట్టెక్కలేడు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: డాక్టరు రాసిన శాతం వేరు, ఆ మనిషి పనికి కలిగిన నష్టం వేరు. కోర్టు దాన్ని 70 శాతం అనుకుంటే 26,46,000 అవుతుంది. 15 లక్షల పైచిలుకు తేడా! అది రావాలంటే డాక్టరును సాక్షిగా పిలిపించి "ఇతను చెట్టెక్కగలడా?" అని సూటిగా అడిగించాలి. తోట యజమానితో, కొబ్బరి వ్యాపారితో అతని కూలి చెప్పించాలి. సర్టిఫికెట్ ఒక్కటే దాఖలు చేసి ఊరుకుంటే ఇంత తేడా రాదు. దీని పైన వైద్యం ఖర్చులు, ఆ నెలల్లో పోయిన కూలి, నొప్పి, బాధ వేరేగా వస్తాయి. మందుల బిల్లులు అసలువే ఉండాలి, పేరు, తేదీ సరిపోవాలి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమా వద్దు. కోతల సమయంలో కూలీలు ట్రాక్టరు ట్రక్కులో, మడ్‌గార్డు మీద కూర్చుని వెళతారు. ట్రాక్టరు మీద డ్రైవరు తప్ప ఇంకొకరికి సీటే లేదు. అక్కడ కూర్చున్నవాళ్లకు కంపెనీ "మాకు బాధ్యత లేదు" అంటుంది, చాలాసార్లు గెలుస్తుంది కూడా. అప్పుడు యజమాని ఆస్తి మీద పడాలి. బైకు వెనక కూర్చున్నవాళ్లకూ అంతే: ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో (అవతలివాళ్ల నష్టానికి మాత్రమే కట్టేది) కవరు ఉండదు, ప్యాకేజీ పాలసీలో ఉంటుంది. సొంత బండి సొంతంగానే కాలవలోకి పోతే యజమానికి మిగిలేది 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఒక్కటే. దానికి లైసెన్సు ఉండాలి, మరణం గానీ పాలసీలో చెప్పిన శాశ్వత వైకల్యం గానీ ఉండాలి.

గుద్దిన బండి దొరకనే లేదా? చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50,000 ప్రభుత్వ పథకం కింద వస్తాయి. దానికి దరఖాస్తు ఆర్డీఓ దగ్గర. దీనికీ ఎఫ్‌ఐఆరే మూలం. ఎక్కువ డబ్బు వస్తుందంటూ, తెలిసినవాళ్ల బండిని, ఇన్సూరెన్సున్న బండిని అడ్డం పెట్టే సలహాలు ఎవరైనా ఇస్తారు. వినకండి. కంపెనీలు ఇన్వెస్టిగేటర్లను పంపుతాయి, బయటపడితే క్లెయిమూ పోతుంది, కొత్తగా క్రిమినల్ కేసూ తగులుకుంటుంది.

ఇప్పుడు డ్రైవరు వైపు. గుద్దినవాడూ మన ఊరివాడే, వాడి ఇంట్లోవాళ్లకూ ఆ రాత్రి నిద్ర ఉండదు. జనం కొడతారని పారిపోవాలనిపిస్తుంది. మోటారు వాహనాల చట్టం 134 ఆ భయాన్ని గుర్తించింది: మూక దాడి ముప్పు ఉంటే అక్కడ ఆగకపోయినా తప్పు కాదు, కానీ 24 గంటల లోపు స్టేషన్లో చెప్పాలి. కాబట్టి ఇంటికి కాదు, నేరుగా దగ్గరి స్టేషన్‌కి పోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయాలి.

గాయాలైతే భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల చట్టం) 281, 125 సెక్షన్లు పెడతారు. మనిషి పోతే 106(1), 5 ఏళ్ల దాకా శిక్ష. ఇవన్నీ బెయిలబుల్, అంటే పూచీకత్తు ఇస్తే బెయిలు హక్కు. స్టేషన్ బెయిలు దయ కాదు, దానికి "ఖర్చులు" ఉండవు. నాగరిక సురక్షా సంహిత 35(3) కింద పోలీసులు హాజరు కమ్మని నోటీసు ఇస్తే ఆ తేదీకి తప్పకుండా హాజరు కావాలి, కాపీ దాచుకోవాలి. పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదు. పోలీసులకు చెప్పిన నేరాంగీకారం కోర్టులో రుజువుగా చెల్లదు. తెల్లకాగితం మీద సంతకం అసలే వద్దు.

చివరి వాయిదాల్లో వచ్చే మాట ఒకటుంది: "ఒప్పేసుకో, ఫైన్‌తో పోతుంది." మెజిస్ట్రేటు ముందు ఒప్పుకున్న నేరం ట్రిబ్యునల్లో మీ మీద సాక్ష్యంగా వస్తుంది. బండికి ఇన్సూరెన్సు లేకపోతే ఆ లక్షలు కట్టాల్సింది మీరే. అలాగని క్రిమినల్ కేసు కొట్టేశారు కాబట్టి పరిహారం కేసు కూడా పోతుందనీ అనుకోవద్దు, అక్కడ కావాల్సిన రుజువు స్థాయి తక్కువ. ఇక మరణం కేసు రాజీ పడదగ్గది కాదు, రెండు కుటుంబాలూ ఒప్పుకున్నా మెజిస్ట్రేటు మూసేయలేరు. ఒప్పుకునే ముందు ఫైలు మొత్తం చదివిన ప్లీడరుతో మాట్లాడండి. ఫీజు కట్టుకోలేకపోతే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.