తుంటి మార్పిడి తర్వాత వ్యాయామం, ఒళ్లు నొప్పులు

తుంటి కీలు మార్చాక వ్యాయామం చేస్తే పిరుదు, తొడ కండరాలు పట్టేయడం మామూలే. ఏళ్ల తరబడి కుంటుతూ నడవడంతో అవి ముందే నీరసించి ఉంటాయి. డాక్టరు రాసిన నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంట ముందు వేసుకుంటే కాలు తేలిగ్గా కదులుతుంది. తర్వాత టవల్లో చుట్టిన ఐసు 15–20 నిమిషాలు పెట్టాలి, కుట్లు తడవకుండా. తైలం మర్దనా మాత్రం, ఇంట్లో పెద్దవాళ్లు ఎంత పోరినా, గాయం మానేదాకా వద్దు.

మర్నాటికీ నొప్పి తగ్గలేదంటే వ్యాయామం మోతాదు ఎక్కువైనట్టే. 10 సార్లు చేసేది 5కి తగ్గించండి, మానేయకండి. గజ్జల్లో పోటొస్తే మోకాలు వంచకుండా కాలు పైకెత్తే వ్యాయామాన్ని అనుమానించి, ఆపి, ఫిజియోథెరపిస్టును అడగండి. చేతికర్ర ఆపరేషన్ కాని వైపు చేతిలోనే ఉండాలి. చాలామంది ఆపరేషన్ అయిన వైపే పట్టుకుంటారు.

పిక్క వాచి, నొక్కితే నొప్పెడుతుంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఐసు పెట్టి చూద్దామనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.